ముక్క చదివేవారు

నరానికి తొడుగు ఉంటుంది. ఆ తొడుగును అల్లే కణాల నుంచి అప్పుడప్పుడు ఒక గడ్డ పుడుతుంది. వైద్యులు దాన్ని ష్వానోమా అంటారు. ఏడాదికి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున, తొందరేమీ లేకుండా పెరుగుతుంది. పక్కనున్నవాటిని తోస్తుందే తప్ప తొలుచుకుపోదు. రక్తంలో పడి ఇంకోచోట మొలవదు. అలాంటిది ఒంట్లో ఉందన్న సంగతే తెలియకుండా నిండు జీవితం గడిపినవాళ్లు ఉంటారు. ఇంత సాధువైన గడ్డ ఒక కేన్సరు రోగి ఒంట్లో, సరిగ్గా కేన్సరు పాకే దారిలో కనబడితే ఏమవుతుంది? అది కేన్సరు కాదని పట్టుకునేది ఎవరు? ఆ పట్టుకునే పనిలో ఎంతమంది చేతులు, ఎంతమంది కళ్లు ఉన్నాయో దగ్గరగా చూడాలని ఈ వ్యాసం.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. కొయ్యూరు నుంచో గొలుగొండ నుంచో ఒక పెద్దామె నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి వచ్చింది. రొమ్ములో గడ్డ. అక్కణ్ణుంచి విశాఖ పంపారు. కేజీహెచ్ కావచ్చు, గాజువాక రాకముందే హైవే మీద తగిలే అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి కావచ్చు. రొమ్ములోది కేన్సరేనని తేలింది. ఎక్కడిదాకా వెళ్లిందో చూద్దామని పెట్-సీటీ తీశారు. తెరమీద రొమ్ము మెరిసింది. దాంతోపాటు ఛాతీ లోపల, వెన్నుపూస పక్కన, ఇంకొక మచ్చ కూడా మెరిసింది.

ఈ రెండో మచ్చతోనే ఇంట్లోవాళ్ల గొంతు మారిపోతుంది. “పాకేసిందట” అంటారు. మన పల్లెల్లో ఆ మాట పడ్డాక ఇక ఆశ మాట్లాడేవాళ్లు తగ్గిపోతారు. వైద్యంలోనూ దాని బరువు తక్కువేమీ కాదు. వెన్ను పక్కన ఉన్నది రొమ్ము నుంచి పాకినదే అయితే అది నాలుగో స్టేజీ. నయం చేయాలన్న లక్ష్యం పోయి, వీలైనంత కాలం అదుపులో ఉంచుదామన్న లక్ష్యం వస్తుంది. చేయాల్సిన ఆపరేషన్ ఆగిపోవచ్చు, మందుల వరుస మారిపోవచ్చు. అదే మచ్చ నరం గడ్డ అయితే ఆమె రొమ్ము కేన్సరు ఏ స్టేజీలో ఉందో ఆ స్టేజీలోనే ఉంది. నయమయ్యే దారి తెరిచే ఉంది. ఆ మచ్చ ఏమిటో తేలేదాకా ఆమె ఏ దారిలో వెళ్లాలో ఎవరూ చెప్పలేరు.

ఆమె ఊహే గాని, ఆమెకు ఎదురైన చిక్కు ఊహ కాదు. రొమ్ము కేన్సరు ఉన్నవాళ్ల చంకలో, థైరాయిడ్ కేన్సరు ఉన్నవాళ్ల మెడలో, పెద్దపేగు చివరి భాగంలో కేన్సరు ఉన్నవాళ్ల త్రికాస్థి ముందు, ఇలా పాకిందనుకున్నది ష్వానోమాగా తేలిన సందర్భాలు వైద్య పత్రికల్లో అనేకం నమోదయ్యాయి. అందరికీ జరిగే సంగతి కాదు, అరుదైనదే. అరుదైనది గనకే దాన్ని పట్టుకోవడం గొప్ప పనితనం.

అసలు ఎందుకు మెరిసింది? పెట్ స్కాన్‌కు ఎక్కించేది గ్లూకోజు లాంటి మందు. దానికి ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును తగిలిస్తారు. 110 నిమిషాలు గడిచేసరికి దాని శక్తి సగమైపోతుంది. 4 నుంచి 6 గంటలు ఏమీ తినకుండా వచ్చిన రోగికి దాన్ని ఎక్కించి, గంటసేపు కదలకుండా పడుకోబెట్టి, అప్పుడు చూస్తారు. కేన్సరు కణాలకు గ్లూకోజు ఆకలి ఎక్కువ కాబట్టి అవి మెరుస్తాయి. అయితే ఆ యంత్రానికి కేన్సరు అన్న మాటే తెలియదు. గ్లూకోజును ఎక్కువగా లాక్కుంటున్న చోటు ఎక్కడుందో చెబుతుంది, అంతవరకే. మెదడు మెరుస్తుంది. మానుతున్న పుండు మెరుస్తుంది. మన దేశంలో మరీ ముఖ్యంగా క్షయ పట్టిన లింఫు గ్రంథి మెరుస్తుంది. ష్వానోమాల్లోనూ చాలావరకు మెరుస్తాయి, కొన్ని గట్టిగానే మెరుస్తాయి. మెరుపును అంకెల్లో కొలుస్తారు గాని, సాధు గడ్డల అంకెలూ దుష్ట గడ్డల అంకెలూ ఒకదానిమీదికొకటి వచ్చేస్తాయి. ఫలానా అంకె దాటింది కాబట్టి కేన్సరే అని గీత గీయడానికి లేదు.

అక్కడే రేడియాలజిస్టు పని మొదలవుతుంది. మంచి రేడియాలజిస్టు ముందు ఆ రంగుల మెరుపును పక్కనపెట్టి, దాని కింద ఉన్న నలుపు తెలుపు సీటీ బొమ్మను చూస్తారు. మచ్చ ఉన్నచోట మామూలుగా లింఫు గ్రంథులు ఉంటాయా? లేక అది ఏదైనా నరం పోయే దారా? గడ్డ పొడుగు ఏ దిక్కున సాగింది, నరం సాగే దిక్కునేనా? గడ్డ రెండు కొసల్లోనూ సన్నని తోక లాంటిది కనిపిస్తోందా? అది కనిపిస్తే నరం ఒక కొసన గడ్డలోకి దిగి రెండో కొసన బయటికి వస్తోందన్నమాట. వెన్ను దగ్గరైతే, నరం బయటికి వచ్చే ఎముక రంధ్రం వెడల్పయిందా, వెడల్పయితే అంచులు నున్నగా ఉన్నాయా, కొరికేసినట్టున్నాయా? ఏళ్ల తరబడి నెమ్మదిగా ఒత్తిన గడ్డ ఎముకను నున్నగా వంచుతుంది. కేన్సరు ఎముకను తింటుంది. అదే ఎముక, అదే రంధ్రం. అంచుల తీరును బట్టి రెండు వేర్వేరు కథలు చెబుతుంది.

ఎమ్మారై తీస్తే ఇంకొంత తెలుస్తుంది. ఒక రకం బొమ్మలో గడ్డ అంచు తెల్లగా వెలుగుతూ, నడుమ నల్లగా కనిపించడం నరం గడ్డల్లో తరచు ఉంటుంది. నడుమ పీచు పదార్థం, అంచున నీటి పదార్థం ఎక్కువ ఉండటం దానికి కారణం. దాన్ని టార్గెట్ గుర్తు అంటారు. గడ్డ చుట్టూ సన్నని కొవ్వు పొర చెదరకుండా ఉండటం ఇంకొక గుర్తు. ఇవి సూచనలే. అన్ని ష్వానోమాల్లోనూ కనిపించవు. కనిపించినంత మాత్రాన తీర్పు అయిపోదు.

మెడ విషయంలో ఈ చదువు మరీ ముచ్చటగా ఉంటుంది. మెడలో కెరోటిడ్ ధమని, జుగులార్ సిర పక్కపక్కనే నడుస్తాయి. ఆ రెంటికీ మధ్య, కాస్త వెనగ్గా వేగస్ నరం ఉంటుంది. వాటి వెనక సింపథెటిక్ నరాల గొలుసు ఉంటుంది. గడ్డ వేగస్‌లో పుడితే ధమనిని ఒక పక్కకు, సిరను ఇంకో పక్కకు తోసి వాటి మధ్య ఎడం పెంచుతుంది. వెనకనున్న గొలుసులో పుడితే రెంటినీ విడదీయకుండా కలిపి ముందుకు నెడుతుంది. ఇది ప్రతిసారీ తప్పని లెక్క కాకపోయినా, చాలాసార్లు నిలిచే లెక్క. గడ్డను ముట్టుకోకుండా, పక్కనున్న రెండు నాళాలు ఎటు జరిగాయో చూసి, ఇది ఏ నరం బిడ్డో చెప్పగలగడం నాకు అపురూపంగా తోస్తుంది.

మగవాళ్లలో ప్రోస్టేట్ కేన్సరు పాకిందేమో చూడటానికి ఇప్పుడు పి.ఎస్.ఎం.ఎ. పెట్ స్కాన్ వచ్చింది. అందులో చిక్కు ఇంకో రకం. మెడ అడుగున, కడుపు వెనక, త్రికాస్థి ముందు ప్రతి మనిషికీ పుట్టుకతోనే ఉండే నరాల ముడులు ఆ స్కాన్‌లో మెరుస్తాయి. అవి గడ్డలు కూడా కావు, ఆరోగ్యమైన అవయవాలు. లింఫు గ్రంథి సాధారణంగా గుండ్రంగానో మూత్రపిండం ఆకారంలోనో ఉంటుంది, ఈ ముడులు పట్టీలాగానో కారుతున్న చుక్కలాగానో సాగి ఉంటాయి. ఆ ఆకారం తేడాను కళ్లలో పెట్టుకున్నవాళ్లు ఒక మనిషిని అనవసర చికిత్స నుంచి తప్పిస్తారు. కొన్ని ష్వానోమాలు ఆ స్కాన్‌లోనూ మెరుస్తాయి.

ఇంత చూశాక రిపోర్టు రాయాలి. మన రోగులకు, చాలామంది బంధువులకు కూడా, “నిర్ధారణకు ముక్క పరీక్ష అవసరం” అన్న వాక్యం నచ్చదు. ఇంత డబ్బు పోసి స్కాన్ తీయిస్తే తేల్చకుండా వదిలేశారంటారు. నా దృష్టిలో మొత్తం రిపోర్టులో విలువైన వాక్యం అదే. “పాకింది” అని రాసేయడం తేలిక, కేన్సరు ఉన్న మనిషిలో ఆ మాట ఎక్కువసార్లు నిజమే అవుతుంది కూడా. “ఇది నరం దారిలో ఉంది, నరం గడ్డ కావచ్చు, ముక్క తీసి చూడండి” అని రాయడానికి తన చదువు మీద నమ్మకం ఉండాలి, ఆ చదువుకు హద్దు ఎక్కడో కూడా తెలిసి ఉండాలి. పాకిందన్న అనుమానం మొదటిసారి వచ్చినప్పుడు, వీలున్న చోట ముక్క తీసి చూడాలని రొమ్ము కేన్సరు మార్గదర్శకాలు చెబుతున్నదీ ఇందుకే.

గడ్డ పైకి తగిలే చోట ఉంటే వైద్యుడి వేళ్లకూ పని ఉంది. నరం మీద గడ్డను పక్కలకు కదపవచ్చు, నరం పొడుగున కదపలేము. అది నరానికి కట్టుబడి ఉంటుంది కదా. మీద వేలితో తడితే నరం వెళ్లేంత మేరా జివ్వుమంటుంది. తెగిన నరాలు మళ్లీ మొలుస్తున్నాయో లేదో చూడటానికి, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులను పరీక్షిస్తూ ఫ్రెంచి వైద్యుడు జూల్స్ టినెల్ 1915లో ఈ తట్టే పద్ధతిని వివరించాడు. “అమ్మా, ఇక్కడ నొక్కితే వేళ్లదాకా పాకుతోందా?” అని అడిగే ఆ ఒక్క ప్రశ్నకు పైసా ఖర్చు లేదు. అలాగే చొక్కా తీయించి ఒళ్లంతా చూడటం. చర్మం మీద కాఫీ రంగు మచ్చలు, మెత్తని బుడిపెలు ఉన్నాయంటే న్యూరోఫైబ్రోమటోసిస్ అనే జన్యు స్థితి ఉందేమో ఆలోచించాలి. అలాంటివాళ్లకు నరాల మీద ఎన్నో గడ్డలు ఉంటాయి. స్కాన్‌లో ఒళ్లంతా కేన్సరు పాకినట్టు కనిపిస్తుంది. పైగా ఆ స్థితి ఉన్న ఆడవాళ్లకు 50 ఏళ్లలోపు రొమ్ము కేన్సరు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు కాబట్టి, ఏది ఏదో విడివిడిగా తేల్చాల్సిందే.

ఇక సూది. సన్నని సూదితో కణాలు లాగే పరీక్ష చవక, త్వరగా అయిపోతుంది. ష్వానోమాలో అది తరచు సరిపోదు. కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్న చోట సూదిలోకి రావు, వదులుగా ఉన్న చోట నీళ్లే వస్తాయి. సూది తగలగానే రోగి ఒక్కసారి ఉలిక్కిపడి, నరం పొడుగునా నొప్పి పాకిందంటే సూది పట్టినవారు ఆ మాటను రిపోర్టులో రాసి తీరాలి. స్లైడు చదివేవారికి అది పెద్ద ఆధారం. ఎక్కువసార్లు కాస్త లావు సూదితో దారప్పోగంత ముక్కలు తీస్తారు. వెన్ను పక్కన, ఊపిరితిత్తికి ఆనుకుని ఉన్న గడ్డలోకి సీటీ చూస్తూ ఆ సూదిని నడిపించడం వేరే ఒక విద్య.

ఇక్కడి నుంచి ముక్క వెళ్లే చోటు ఏ రోగీ చూడని గది. నాకు ఎక్కువ గౌరవం ఉన్నది ఆ గది మీద.

ముక్కను వెంటనే 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి. ముక్కకు కనీసం 10 రెట్లు ద్రవం ఉండాలి. సీసా చిన్నదైతే, ఫార్మలిన్ బదులు ఉప్పునీళ్లు పోస్తే, దారిలోనే ముక్క కుళ్లడం మొదలవుతుంది. తరవాత ఎంత గొప్ప పెథాలజిస్టు చూసినా పోయినదాన్ని తిరిగి తేలేరు. ఏజెన్సీ అంచున ఉన్న ఊరి నుంచి విశాఖకు ముక్క పంపేటప్పుడు ఈ సీసా సంగతి చిన్నది కాదు. ఎనభై కిలోమీటర్లు దాటిన దారి అది.

ల్యాబులో ముక్కను వరుసగా చిక్కదనం పెంచుతూ ఆల్కహాలులో ముంచి నీటిని తీసేస్తారు. జైలీన్‌లో ఆల్కహాలును తీసేస్తారు. కరిగిన పారఫిన్ మైనంలో నానబెట్టి, అచ్చులో పోసి గట్టిపరుస్తారు. అదే బ్లాకు. సూది ముక్క సన్నని తెల్లని పోగు; తెల్లని మైనంలో అది కంటికి ఆనదు. అందుకే మంచి టెక్నీషియన్ ముందే దానికి ఇయోసిన్ రంగు చుక్క తాకిస్తాడు. పోగంతా ఒకే మట్టంలో పరుచుకునేలా పటకారుతో అదిమి మైనం పోస్తాడు. కాస్త వంకరగా పడితే కత్తి ఒక కొసను కోసి రెండో కొసను వదిలేస్తుంది.

తరవాత మైక్రోటోమ్. బ్లాకును ఐసు మీద చల్లబరిచి, చేతితో చక్రం తిప్పుతూ 3 నుంచి 4 మైక్రాన్ల మందాన కోస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. కోసిన పొరలు ఒకదానికొకటి అతుక్కుని రిబ్బనులా వస్తాయి. దాన్ని కుంచె కొసతో ఎత్తి గోరువెచ్చని నీటి మీద వదిలితే ముడతలు విప్పుకుంటుంది. గాజు స్లైడును నీళ్లలోకి వాల్చి ఒడుపుగా పైకెత్తితే పొర దానిమీద అతుక్కుంటుంది. నీరు కాస్త ఎక్కువ వేడైతే పొర కరిగిపోతుంది, తక్కువైతే ముడత పడుతుంది. కత్తి అంచు మీద కంటికి కనిపించని గాటు ఉంటే ప్రతి పొర మీదా గీత పడుతుంది. ఇదంతా రోజుకు పదుల బ్లాకుల మీద, నిలబడో కూర్చునో, మాట్లాడకుండా చేసే పని.

ఇందులో ఒక జాగ్రత్త నన్ను ఆశ్చర్యపరుస్తుంది. బ్లాకును యంత్రానికి బిగించిన ప్రతిసారీ, ముఖం సమం చేయడానికి కొంత ముక్క వృథాగా పోతుంది. దారప్పోగంత ముక్కలో ఆ వృథాను భరించే చోటు లేదు. అందుకని అనుభవమున్న టెక్నీషియన్ మొదటిసారే పనికొచ్చే పొరలు ఇంకొన్ని అదనంగా కోసి, రంగు వేయకుండా పక్కన దాస్తాడు. రేపు పెథాలజిస్టు ప్రత్యేక పరీక్షలు అడిగితే ముక్క ఉండాలి కదా అని. రేపటి అనుమానాన్ని ఇవాళే లెక్కలోకి తీసుకున్న చేతి ఒడుపు అది. రిపోర్టు కింద పెథాలజిస్టు సంతకం ఉంటుంది. ఈ మనిషి పేరు ఎక్కడా ఉండదు. ఉండాలని నా అభిప్రాయం.

రంగులు రెండు. మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవ నుంచి తీసే హిమటాక్సిలిన్ కణ కేంద్రకాలను నీలంగా మారుస్తుంది. ఇయోసిన్ మిగతాదాన్ని గులాబీ రంగుకు తెస్తుంది. నూరేళ్లు దాటినా ఈ జోడీకి సాటి రాలేదు.

ఇప్పుడు స్లైడు పెథాలజిస్టు ముందుంది. తెలిసినవారు ముందు చిన్న కటకంతోనే చూస్తారు. దగ్గరికి వెళ్లాలన్న తొందర ఉండదు. దూరం నుంచి చూస్తే గడ్డలో రెండు రకాల నేల కనిపిస్తుంది. ఒక చోట సన్నని పొడుగాటి కణాలు కిక్కిరిసి, ఒకే వాలున సాగుతుంటాయి. ఇంకో చోట కణాలు చెదిరి, మధ్యలో నీరు నిండి వదులుగా ఉంటుంది. అక్కడి రక్తనాళాల గోడలు మందంగా, గాజులా గులాబీ రంగులో ఉంటాయి. స్వీడన్ నాడీ వైద్యుడు నీల్స్ ఆంటోని 1920లో ఈ రెంటినీ విడదీసి చెప్పాడు. ఈనాటికీ ఆంటోని ఎ, ఆంటోని బి అనే అంటారు.

కిక్కిరిసిన చోట కాస్త పెద్ద కటకం తిప్పితే ఆ గడ్డ చేతిరాత కనిపిస్తుంది. కేంద్రకాలు పక్కపక్కనే నిలబడి వరుస కడతాయి. దానికి ఎదురుగా ఇంకో వరుస. మధ్యలో కేంద్రకం ఒక్కటీ లేని గులాబీ బాట. పొలం దారికి రెండు వైపులా దడి కట్టినట్టే ఉంటుంది. ఉరుగ్వేలో పుట్టి ప్రాగ్‌లో పనిచేసిన పెథాలజిస్టు హోసె వెరొకై 1910లో దీన్ని వర్ణించాడు. వీటికి వెరొకై బాడీలు అని పేరు. నరం తొడుగు కణాలను జర్మనీకి చెందిన థియొడార్ ష్వాన్ 1839లోనే వర్ణించి ఉన్నాడు. వెరొకై వాటి గడ్డకున్న ముఖాన్ని చూపించాడు. విశాఖలో మెడికల్ కాలేజీ 1923లో మొదలయ్యేనాటికే ఈ పరిశీలనలన్నీ అచ్చయిపోయాయి. కంప్యూటర్ లేని కాలంలో ఒక కటకం, ఒక దీపం, ఓపిక పట్టుకుని వాళ్లు చూసినదాన్ని, ఇవాళ కోట్ల రూపాయల స్కానర్ తేల్చలేకపోయిన చోట మనం ఆసరా చేసుకుంటున్నాం.

అన్ని ముక్కల్లోనూ ఈ దడి కనిపిస్తే పని తేలికే. సూది వదులు నేలలో దిగిందనుకోండి, దడి రాదు. గడ్డ పాతదైతే ఇంకో ఉచ్చు ఉంది. ఏళ్లు గడిచిన ష్వానోమాలో కేంద్రకాలు ఉబ్బి, నల్లబడి, వికారంగా తయారవుతాయి. చూడగానే దుష్ట గడ్డే అనిపిస్తుంది. అమెరికాలో అకర్మన్, టేలర్ అనే ఇద్దరు 1951లో వీటికి ప్రాచీన ష్వానోమాలని పేరు పెట్టి హెచ్చరించారు. అక్కడ చూడవలసింది కేంద్రకం అందచందాలు కావు, విభజన జరుగుతోందా అన్నది. పెథాలజిస్టు పెద్ద కటకంతో గడి తరవాత గడి వెతుకుతారు. వికారంగా ఉన్నా కణాలు విభజించుకోవడం లేదంటే అది వయసు మచ్చే. మరో ఉచ్చు: కొన్ని ష్వానోమాల అంచున లింఫు కణాలు గుమిగూడి ఉంటాయి. సూది అంచు దగ్గర తగిలితే లింఫు గ్రంథి ముక్కేమో అనిపిస్తుంది. పాకిన కేన్సరును వెతుకుతూ వచ్చిన కంటికి, లింఫు గ్రంథి అన్న మాట ముందే మనసులో ఉంటుంది. మనసులో ఉన్నది కంటికి అడ్డం రాకుండా చూసుకోవడం ఈ వృత్తిలో రోజూ చేసే సాధన.

అప్పుడు ఆ దాచిన పొరలు బయటికి వస్తాయి. ప్రత్యేక యాంటీబాడీలు పోసి, ఏ ప్రొటీన్ ఉంటే అక్కడ గోధుమ రంగు తేలేలా చేసే పరీక్ష అది. ఎస్-100 అనే ప్రొటీన్ ష్వానోమా కణాల్లో దాదాపు అన్నిటా గాఢంగా తేలుతుంది. సాక్స్-10 కూడా అంతే. రంగు తేలింది కాబట్టి నరం గడ్డ అని రాసేస్తే సరిపోతుందా? సరిపోదు. మెలనోమా అనే చర్మ కేన్సరులోనూ ఆ రెండూ తేలుతాయి. మన ఉదాహరణలోని రొమ్ము కేన్సరులోనూ, హార్మోన్ గ్రాహకాలు లేని రకంలో, సాక్స్-10 తరచు తేలుతుంది. అందుకే నేర్పున్నవారు ఒక్క రంగును నమ్మరు. కేన్సరు కార్సినోమా రకమైతే ఉండవలసిన సైటోకెరాటిన్ ఉందా, రొమ్ము కణాలు చూపే గాటా-3 ఉందా, మెలనోమా గుర్తులు ఉన్నాయా అని, లేకపోవలసినవి లేవని కూడా చూస్తారు. అంతకుముందు తీసిన రొమ్ము ముక్క స్లైడును తెప్పించి పక్కన పెట్టుకుని రెంటినీ పోలుస్తారు. ఇన్నీ ఒకే వైపు చూపించాక ఒక మాట రాస్తారు: ష్వానోమా, కేన్సరు కణాలు లేవు. ఆ చిన్న వాక్యం వెనక రెండు మూడు రోజుల పని ఉంటుంది, వందేళ్ల చదువు ఉంటుంది.

సర్జన్ విషయం క్లుప్తంగా చెబుతాను. ఇలా తేలిన గడ్డల్లో చాలావాటిని తీయనక్కరలేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. తీయాల్సి వస్తే, ష్వానోమా నరం పోగులను ఒక పక్కకు నెట్టి పెరుగుతుంది కాబట్టి, నరం పొడుగునే గాటు పెట్టి, పొర విప్పి, గడ్డను ఒలిచి, పోగులను నిలబెట్టే వీలుంటుంది. లింఫు గ్రంథి అనుకుని కోసుకుపోతే మెడలోనైతే గొంతు బొంగురుపోవచ్చు, చంకలోనైతే చేయి పడిపోవచ్చు. ముందే తెలియడం వల్ల మనిషి గొంతు, చేయి దక్కుతాయి.

ఈ వ్యాసం చదివి ఎవరూ పొరపాటు ఆశ పెట్టుకోకూడదు. కేన్సరు ఉన్న మనిషి స్కాన్‌లో మెరిసే రెండో మచ్చ చాలాసార్లు పాకిన కేన్సరే. ముక్క తీయడానికి వీల్లేని చోట్లు ఉంటాయి. ఒళ్లంతా స్పష్టంగా పాకినప్పుడు ముక్క కోసం ఆగడం రోగికి నష్టం కూడా. ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు అన్నది ట్యూమర్ బోర్డులో కూర్చున్న రేడియాలజిస్టు, పెథాలజిస్టు, సర్జన్, ఆంకాలజిస్టు కలిసి తేల్చాల్సిన సంగతి. మన వాట్సాప్ గ్రూపులు తేల్చేది కాదు.

నర్సీపట్నం, చింతపల్లి, కొయ్యూరు వైపు నుంచి ఇంట్లో ఎవరినైనా కేన్సరు వైద్యానికి తీసుకెళ్లేవారికి నా విన్నపం ఇది. ఒకే ఒక్క మచ్చ చూసి పాకిందన్నారంటే, “డాక్టరు గారూ, దాని ముక్క తీసి చూడటానికి వీలవుతుందా అండీ?” అని అడగండి. అడగడం తప్పు కాదు, మంచి వైద్యులు నొచ్చుకోరు. ఇంతకుముందు ఎక్కడైనా ముక్క తీసి ఉంటే ఆ రిపోర్టుతోపాటు స్లైడ్లు, మైనం బ్లాకు కూడా అడిగి తీసుకోండి. ఎండ, వేడి తగలకుండా ఇంట్లో భద్రపరచండి. ఏళ్లు గడిచినా ఆ బ్లాకు నుంచి కొత్త పొరలు కోసి కొత్త పరీక్షలు చేయవచ్చు, రెండో అభిప్రాయానికి ఇంకో ఊరు పంపవచ్చు. స్కాన్ ఫిల్మ్ దాచుకున్నంత శ్రద్ధగా దాన్నీ దాచుకోండి.